క్రొవ్వు తిని క్రొవ్వు కరగించుట

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములకు ఆహారమునుగూర్చిన చింత క్రొత్తది కాదు. 1876 మొదలు 1878 వరకు ఈ సీమను పీడించిన ధాత కరవును మన పూర్వులు తరతరములుగా చెప్పుకొనిరి. ఆ కాలమునను, అటుపిమ్మట లండను మిషనువారు జమ్మలమడుగులో ఆసుపత్రి నెలకొల్పిన దినములలోను, దేహము చిక్కిపోవుట రోగచిహ్నముగను, పొట్ట కొంచెము పెరుగుట కలిమిచిహ్నముగను ఎంచబడుచుండెను. నేడు అదే సీమలో తిండి దొరకక కాదు, దొరికిన తిండిని ఎట్లు విడువవలెనో తెలియక జనులు తపించుచున్నారు. మా పాఠశాలకు వచ్చు తలిదండ్రులు గత కొన్ని సంవత్సరములుగా మమ్ము తరచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు: "అయ్యవారూ, అన్నము మాని నెయ్యి, కొబ్బరినూనె త్రాగినచో లావు తగ్గుననుచున్నారు. క్రొవ్వు తిన్నవానికి క్రొవ్వు కరగుట యెట్లు?"

ప్రశ్న న్యాయమైనదే. దీనికి ఒక్కమాటలో ప్రత్యుత్తర మిచ్చుట సాధ్యము కాదు గనుక ఈ సంచికలో కొంత విపులముగ వ్రాయ నుద్యమించితిమి.

ఈ పథ్యమునకు కీటోజెనిక్ ఆహారమని పేరు. అనగా దేహములో కీటోనులను పుట్టించు ఆహారమని యర్థము. జనులు దానిని కుదించి "కీటో" అందురు. ఇందులో అన్నము, రొట్టె, సంగటి, చక్కెర, పండ్లు మొదలగు పిండిపదార్థములను మిక్కిలి తగ్గించి, సామాన్యముగ దినమునకు 20 గ్రాములు మొదలు 50 గ్రాములకు లోబడి యుంచి, మాంసకృత్తులను మితముగ తిని, తక్కిన శక్తినంతయు క్రొవ్వునుండియే పొందుదురు.

దేహము ఈ మార్పునకు ఎట్లు లోబడునో తెలిసికొనుటకు మన పల్లెల పాత యలవాటొకటి దృష్టాంతముగ పనికివచ్చును. పూర్వము రైతులు జొన్నలను భూమిలో పాతర వేసెడివారు. ఇంటిలో వాడుకకై బానలో కొంత ధాన్యముండెడిది. పాతర నిండుగ నున్నను, బానలో జొన్నలున్నంతవరకు ఇల్లాలు పాతరను త్రవ్వింపదు. మన దేహమునందును ఇట్టి బానయు, ఇట్టి పాతరయు కలవు. తిన్న పిండిపదార్థము గ్లూకోజుగా మారి రక్తములో చేరును. అందులో మిగిలినది గ్లైకోజెన్ అను రూపమున కాలేయములో సుమారు 100 గ్రాములు, కండరములలో సుమారు 400 గ్రాములు నిలువ యుండును. ఇది బాన. చర్మము క్రిందను, ఉదరములోను పేరుకొను క్రొవ్వు పాతర. క్లోమమునుండి స్రవించు ఇన్సులిన్ అను రసము రక్తములో హెచ్చుగ నున్నప్పుడు పాతర మూతపడియుండును. అది తగ్గినప్పుడు తెరువబడును. పిండిపదార్థములు మానిన రెండు మూడు దినములలో కాలేయపు బాన యించుమించు అడుగంటును. అప్పుడు క్రొవ్వు విడివడి, క్రొవ్వు ఆమ్లములుగ రక్తములోనికి వచ్చును.

అయితే ఇచ్చట నొక చిక్కు కలదు. కండరములు క్రొవ్వు ఆమ్లములను నేరుగ కాల్చుకొనగలవు గాని మెదడు అట్లు చేయజాలదు. దేహపు బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే యైన మెదడు, దేహము వ్యయపరచు శక్తిలో ఐదవ వంతును తానే కోరును. మామూలు దినములలో దానికి 120 గ్రాముల గ్లూకోజు కావలెను. కనుక కాలేయము క్రొవ్వు ఆమ్లములను త్రుంచి, మెదడు వాడుకొనగల చిన్న పదార్థములుగ మార్చి పంపును. ఇవియే కీటోనులు. ఇవి మూడు విధములు. అందు ఎసిటోను అనునది ఊపిరితో వెలువడి నోటికి పండువాసనవంటి యొక వాసన నిచ్చును. దీర్ఘోపవాసమున మెదడు ఈ కీటోనులతో చాలవరకు జీవింపగలదని 1967లో బోస్టనులో ఓవెన్, కేహిల్ అను వైద్యులును వారి సహచరులును నిరూపించిరి. కరవులు పడిన మానవజాతి నశింపక నిలుచుటకు సృష్టికర్త దేహములో నుంచిన యేర్పాటు ఇదియే యని మేము తలంచెదము.

ఈ పథ్యము లావు తగ్గించుటకై పుట్టలేదు. దీని చరిత్ర మూర్ఛరోగముతో ముడివడియున్నది. మత్తయి, మార్కు సువార్తలలో, అగ్నిలోను నీళ్ళలోను పడుచుండిన యొక బాలుని తండ్రి ప్రభువునొద్దకు తెచ్చిన వృత్తాంతము మన విద్యార్థులందరు ఎరిగినదే. శిష్యులు స్వస్థపరచలేకపోయిన ఆ బాలుని ప్రభువు స్వస్థపరచెను. ఆ సందర్భమున ప్రార్థనతోపాటు ఉపవాసమును కొన్ని పురాతన ప్రతులలో చెప్పబడియుండుటచేత, ఈ పథ్యపు చరిత్ర వ్రాసిన వైద్యులుకూడ ఆ వృత్తాంతమును పేర్కొందురు. ఉపవాసమున్నప్పుడు మూర్ఛలు తగ్గుట పూర్వకాలపు వైద్యులు గమనించినదే. 1921లో అమెరికాలో గెయ్లిన్ అను వైద్యుడు ఉపవాసముచే రోగులకు కలిగిన మేలును ప్రకటించెను. కాని పిల్లలను ఎన్ని దినములు ఉపవాస ముంచగలము? అదే సంవత్సరము మేయో వైద్యాలయమునందలి రస్సెల్ వైల్డర్, పిల్లవాడు తినుచుండగనే దేహమును ఉపవాసస్థితియం దుంచు ఉపాయమును కనిపెట్టి, దానికి కీటోజెనిక్ ఆహారమని నామకరణము చేసెను. 1938లో ఫెనిటాయిన్ అను మందు మూర్ఛకు పనిచేయుట కనుగొనబడినపిమ్మట ఈ పథ్యము మరుగున పడెను. 1994 ప్రాంతమున మందులకు లొంగని మూర్ఛగల యొక బాలుని తండ్రి, హాలీవుడ్ చిత్రదర్శకుడైన జిమ్ అబ్రహామ్స్, తన కుమారునికి దీనివలన కలిగిన స్వస్థతను లోకమునకు చాటుటతో మరల వ్యాప్తికి వచ్చెను. 2008లో లండనులో 145 మంది పిల్లలపై జరిగిన పరీక్షలో, మూడు మాసములు ఈ పథ్యమున నున్నవారిలో నూటికి 38 మందికి మూర్ఛలు సగమునకు మించి తగ్గెను. పథ్యము లేనివారిలో నూటికి ఆరుగురికి మాత్రమే తగ్గెను.

ఇంత చరిత్రను ఏల చెప్పితిమనగా, ఈ పథ్యము మొదట ప్రతి ముద్దను గ్రాములతో తూచి, వైద్యుని కంటియెదుట నడిపిన చికిత్స. అది వంటింటి చిట్కాగ మారుట తరువాతి ముచ్చట. లావు తగ్గుటకై పిండిని మానుట ప్రత్యేకముగ మరియొక దారిన వచ్చినది. లండనులో శవపేటికల వర్తకుడైన విలియం బాంటింగ్ 1863లో తాను రొట్టె, చక్కెర మాని సన్నబడిన విధమును చిన్న పుస్తకముగ ప్రకటించెను. 1972లో అమెరికా వైద్యుడు ఆట్కిన్స్ అటువంటి పథ్యమునే మరల ప్రచారము చేసెను.

ఇక తెలుగు దేశమునకు వత్తము. మన యిండ్లలోనికి ఈ యిరువది ముప్పది సంవత్సరములలో ముగ్గురు ఆహారబోధకులు ప్రవేశించిరి. మొదట మంతెన సత్యనారాయణ రాజుగారు ఉప్పును, నూనెను మానుడని చెప్పిరి. తరువాత 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణగారు రెండు రాష్ట్రములలోను సభలు జరిపి, అన్నము, రొట్టెలు మాని దినమునకు 70 మొదలు 100 గ్రాముల క్రొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు విటమిన్ మాత్రలు పుచ్చుకొనవలెనని బోధించిరి. ఆ బోధను పలువురు వైద్యులు దూరదర్శన చర్చలలో ఆక్షేపించిరి. పలువురు జనులు అనుసరించి మేలు పొందితిమనిరి. మూడవవారు మన ప్రొద్దుటూరున జన్మించి మైసూరున నివసించుచున్న ఖాదర్ వలిగారు. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు అను ఐదు ధాన్యములను తినుడని వారి బోధ. 2023లో, ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించిన యేడాదిలోనే, వారికి పద్మశ్రీ లభించెను.

ఒకరు నూనె వలదనిరి. ఒకరు నూనెయే త్రాగుమనిరి. ఒకరు ధాన్యమును మార్చుమనిరి. ఒకే యింటిలో తండ్రి యొక పథ్యము, తల్లి యొక పథ్యము, అవ్వ యేమియు వలదని తన సంగటి తాను! ఇట్టి యిండ్లను మేమెరుగుదుము. ముగ్గురి శిష్యులలోను బరువు తగ్గినవారు కలరు. ఇందులోని మర్మమును తరువాత చెప్పెదము.

ముందుగ మన పళ్ళెమును లెక్కకట్టి చూతము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పట్టికల ననుసరించి, 100 గ్రాముల బియ్యములో సుమారు 78 గ్రాముల పిండిపదార్థము కలదు, జొన్నలలో 68, రాగులలో 67, కొర్రలలోను 60కి తక్కువ కాదు. కందిపప్పులో 55. కొర్రలు తినినచో పిండి తినుట మానితిమని తలంచువారు ఈ సంఖ్యలను చూడవలెను. 50 గ్రాముల పిండితో చేసిన యొక్క జొన్నరొట్టెలో 34 గ్రాముల పిండిపదార్థ మున్నది. పులివెందుల తోటల అరటిపండొకటి దానితో చేరెనా, 25 గ్రాములు అదనము. అంతటితో కీటో పథ్యమువాని దినపు పరిమితి దాటిపోవును. ఉగ్గాని, బొరుగులు, ఓళిగలు, చీనీరసము, ఇవి యన్నియు నిషిద్ధములే. ఇక మిగులునవి మాంసము, కోడిగ్రుడ్లు, చేపలు, పన్నీరు, నెయ్యి, వెన్న, కొబ్బరినూనె, ఆకుకూరలు, వంకాయ, బీరకాయ మొదలగు కూరగాయలు. మన చెనిక్కాయల సంగతి విచిత్రము: 100 గ్రాముల పప్పులలో 40 గ్రాముల క్రొవ్వును, 24 గ్రాముల మాంసకృత్తులును ఉండి, పిండి 17 గ్రాములే యున్నది. ఈ సీమ చేలలో పండుదాని నొక గుప్పెడు తినుటకు వెనుదీసి, దూరదేశపు బాదముపప్పునకు రూకలు పోయుట మాకు నవ్వు పుట్టించును.

వ్యయమునుగూర్చి యొకమాట. సంగటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు తినుచు కూలిపని చేయు కుటుంబమునకు దినదినము మాంసము, వెన్న కొనుట తరముకానిది. పప్పుకూడ కుదించవలసి వచ్చుటచే శాకాహారులకు మరింత కష్టము. ఈ పథ్యమును ప్రారంభించి మానినవారిలో చాలమంది మనోదార్ఢ్యము లేక మానలేదు. చేతిలో రూక లేక మానిరి. వారిని సోమరులని నిందించుట న్యాయము కాదు.

ఇక త్రాసు సంగతి. కీటో ప్రారంభించినవారు వారము దినములలో రెండు మూడు కిలోలు తగ్గితిమని ఆనందింతురు. అది వట్టిమాట కాదు, త్రాసు అబద్ధమాడదు. కాని ప్రొద్దుటూరి బంగారపు అంగళ్ళలో నగను తూచి మాత్రమే విడిచిపెట్టరు. గీటురాయిపై గీసికూడ చూతురు. త్రాసు బరువును చెప్పునే గాని వన్నెను చెప్పదు. ముందు చెప్పిన గ్లైకోజెన్ ప్రతి గ్రామును తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకొనియుండును. 500 గ్రాముల గ్లైకోజెన్ ఖర్చయినప్పుడు దానితోకూడ లీటరున్నర నీరు వెడలిపోవును. ఇన్సులిన్ తగ్గుటచే మూత్రపిండములు ఉప్పును విడిచివేయును. దానివెంట మరికొంత నీరు పోవును. మొదటి వారమున తగ్గిన బరువులో హెచ్చుభాగము ఈ నీరే. ఒక్క కిలో దేహపు క్రొవ్వులో సుమారు 7,700 కెలోరీల శక్తి కలదు. తిన్నదానికంటె దినమునకు 500 కెలోరీలు హెచ్చుగ ఖర్చుచేయువానికి ఆ యొక్క కిలో కరగుటకు పదునైదు దినములు పట్టును. వారములో మూడు కిలోల క్రొవ్వు కరిగినదని యెవరైన చెప్పినచో ఈ లెక్క వేసి చూడుడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. క్రొవ్వు తిన్నవానికి క్రొవ్వు కరగుట యెట్లు? కీటోనులు పుట్టినంతమాత్రమున దేహపు పాతరయే ఖర్చగుచున్నదని తలంచరాదు. గ్రాము క్రొవ్వులో తొమ్మిది కెలోరీలున్నవి. గ్రాము పిండిలో నాలుగే. 100 గ్రాముల నూనె త్రాగినవాడు 900 కెలోరీలు పుచ్చుకొన్నాడు. పాతర మూత తెరచియున్నను, ప్రతిదినము వీధినుండి క్రొత్త ధాన్యము తెచ్చి అందులో పోయుచున్నయెడల అది తగ్గునా? తిన్న క్రొవ్వునకంటె కాల్చిన క్రొవ్వు హెచ్చుగ నున్ననాడే పొట్ట తగ్గును. కాబట్టి నూనెలో మంత్రమేదియు లేదు.

మరి యనేకులు తగ్గుచున్నారు గదా! తగ్గుచున్నారు, మేము కాదనము. కారణము ఆకలి. మాంసకృత్తులును క్రొవ్వును కడుపు త్వరగ నింపును. కీటోనులును ఆకలిని కొంత చంపునని పలువురు పరిశోధకుల యభిప్రాయము. అంతకంటె ముఖ్యముగ, సాయంకాలపు బజ్జీలు, పొద్దుకు నాలుగుసార్లు చక్కెర టీ, పెండ్లి విందులలోని మిఠాయిలు ఒక్కసారిగ నిషేధింపబడుచున్నవి. మనుష్యుడు తనకు తెలియకయే తక్కువ తినుచున్నాడు.

దీనిని పరీక్షించినవారున్నారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 609 మందిని రెండు భాగములుచేసి, ఒకరికి క్రొవ్వు తగ్గించిన ఆహారము, ఒకరికి పిండి తగ్గించిన ఆహారము పండ్రెండు మాసములు పెట్టించి, 2018లో ఫలితములు ప్రకటించిరి. మొదటివారు సగటున 5.3 కిలోలును, రెండవవారు 6.0 కిలోలును తగ్గిరి. ఆ తేడా లెక్కింపదగినది కాదని పరిశోధకులే చెప్పిరి. 2021లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ మరియు ఆయన సహచరులు ఇరువదిమందిని నాలుగు వారములు తమ కనిపెట్టుబాటులో నుంచి, కోరినంత తినుమని రెండు వారములు కీటో ఆహారము, రెండు వారములు క్రొవ్వు తక్కువైన శాకాహారము పెట్టిరి. కీటోలో కంటె శాకాహారములో నున్నప్పుడు వారు దినమునకు సుమారు 700 కెలోరీలు తక్కువ తినిరి. అయినను రెండు విధములను బరువు తగ్గిరి.

ముగ్గురు బోధకుల శిష్యులును ఏల తగ్గుచున్నారో ఇప్పుడు తేటపడును. నూనె మానినవాడు నూనెలోని శక్తిని విడిచెను. అన్నము మానినవాడు అన్నపు శక్తిని విడిచెను. కొర్రన్నము తినువాడు పీచు హెచ్చుటచే కొంచెముతో తృప్తిపొంది, చక్కెరను, మైదాను ముట్టక తగ్గెను. ముగ్గురును విడిచినది మాత్రము ఒక్కటే: పూర్వము తాము అలవాటుగ మితిమీరి తినిన భాగము. శిష్యులు తమలో తాము తగవులాడుకొనుట మాకు వ్యర్థమని తోచును.

ఇంతవరకు చెప్పినది లాభనష్టముల లెక్క. ఇకమీద చెప్పబోవునది ప్రాణములతో కూడిన విషయము గనుక తలిదండ్రులు శ్రద్ధతో చదువగోరుచున్నాము.

మధుమేహము కలవారు పిండిపదార్థములు తగ్గించినప్పుడు రక్తములోని చక్కెర తగ్గుట సత్యము. 2017లో బ్రిటనులో ప్రకటింపబడిన యొక పరీక్షలో, వ్యాధి సోకి ఆరు సంవత్సరములు మించని రోగులు మిక్కిలి తక్కువ కెలోరీల ఆహారముచే బరువు తగ్గి, ఏడాదికి నూటికి 46 మంది మందులు లేకయే చక్కెరను అదుపున నుంచుకొనగలిగిరి. అది కీటో పథ్యము కాదు. బరువు తగ్గుటయే అచ్చట మేలు చేసెను. కాని ఆ రోగులు వైద్యుల చేతిక్రింద నుండిరి. మన యెడ జరుగుచున్నది వేరు. మా విద్యార్థి యొకని తండ్రి, గ్లిమెపిరైడ్ మాత్రను ఎప్పటివలె వేసికొనుచునే, ఎవరితోను చెప్పక అన్నము పూర్తిగ మానెను. నాలుగవ దినమున చెమటలు పట్టి, మాట తడబడి, స్పృహ తప్పెను. ఇంటివారు సమయమునకు గుర్తించి చక్కెరనీళ్ళు పట్టించి ఆసుపత్రికి చేర్చుటచే బ్రదికెను. మాత్ర చక్కెరను దించుటకే యున్నది. దించుటకు చక్కెర లేనప్పుడును అది తన పని మానదు. ఇన్సులిన్ సూది వేసికొనువారికి ఈ యపాయము మరింత హెచ్చు.

దీనికి భిన్నమైన యపాయ మింకొకటి కలదు. పథ్యమువలన రక్తములో కీటోనులు లీటరునకు 0.5 మొదలు 3 మిల్లీమోలుల వరకు పెరుగును. ఆరోగ్యవంతునికి దీనివలన భయము లేదు. ఇన్సులిన్ బొత్తిగ లేని రోగికి అవి కట్టుతప్పి పదికి మించి పెరిగి, రక్తమును ఆమ్లముగ మార్చును. దీనిని వైద్యులు కీటో యాసిడోసిస్ అందురు. వాంతులు, కడుపునొప్పి, దీర్ఘమైన రొప్పు దాని గుర్తులు. బాల్యమునుండి ఇన్సులిన్ సూదితో జీవించుచున్న పిల్లలు ఈ పథ్యమును తలపెట్టనే రాదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను మాత్రలు వాడువారికి, రక్తములో చక్కెర అంతగా పెరుగకుండగనే ఈ ఆమ్లదోషము కలుగవచ్చును. చక్కెర సరిగనే యున్నదిగదా యని ఇంటివారు మోసపోవుదురు. మాత్రల పెట్టెపైనున్న పేరును చదివి వైద్యుని అడుగుట ఎంత చిన్న పని!

తక్కిన బాధలు అంత భయంకరములు కావు. మొదటి వారమున తలనొప్పి, నీరసము, మలబద్ధకము కలుగును. ఉప్పును నీరును పోవుటయే ముఖ్యకారణము. మన కడప జిల్లాలో వేసవియందు ఎండ 40 డిగ్రీలు దాటు దినములలో ఇది సామాన్యము కాదు. దీర్ఘకాలము సాగించినచో మూత్రపిండములలో రాళ్ళు పుట్టవచ్చును. కొందరిలో చెడ్డ కొలెస్ట్రాలు మిక్కిలి పెరుగును. కొబ్బరినూనెలోని క్రొవ్వులో నూటికి ఇంచుమించు 90 పాళ్ళు గడ్డకట్టు జాతిదే యని మరువరాదు.

శ్రమకాలమున సాయంకాలమువరకు ఉపవాసముండు మన సంఘస్థులును, రంజాను మాసమున ఉపవసించు ముసల్మాను సోదరులును, తామును కీటో స్థితికి చేరుదుమా యని అడుగుదురు. పండ్రెండు గంటలు దాటిన పిమ్మట కీటోనులు స్వల్పముగ పెరుగ నారంభించును. రాత్రి భోజనముతో ఆగిపోవును. పగలంతయు ఉపవసించి, రాత్రి బజ్జీలతోను పాయసముతోను విరమించువాని నడుము తగ్గదు. ఆ యుపవాసము నడుముకొరకు చేయబడినదియు కాదు. మధుమేహపు మందులు వాడు పెద్దలు మాత్రము ఉపవాసమునకు ముందు వైద్యుని కలిసికొనవలెను.

మాకు అన్నిటికంటె దిగులు కలిగించునది పిల్లల సంగతి. గత సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మధ్యాహ్నభోజనము డబ్బాను విప్పకయే ఇంటికి తీసికొనిపోవుచుండుట మా తోటి ఉపాధ్యాయిని కంటబడెను. విచారింపగా, చరవాణిలో చూచి కీటో చేయుచున్నానని చెప్పెను. ఆ బిడ్డ లావు కాదు. నెయ్యి, మాంసము ఇంటిలో దొరకవు గనుక ఆమె చేసినది కీటోయును కాదు, వట్టి పస్తు. ఎముకలు పెరుగు ప్రాయమున, రక్తహీనత మన బాలికలలో ఇంత ప్రబలియున్న కాలమున, ఇది మిక్కిలి హాని. మూర్ఛరోగమునకై వైద్యుల పర్యవేక్షణలో ఈ పథ్యమున నుంచబడిన పిల్లలలోనే యెదుగుదల మందగించుట, రాళ్ళు పుట్టుట కనబడినవి. అచ్చట రోగము పెద్దది గనుక ఆ నష్టమునకు ఓర్చుకొందురు. ఆరోగ్యముగనున్న బాలిక యేల ఓర్చుకొనవలెను? తల్లులు సాయంకాలము డబ్బా బరువును చేతితో చూడవలెనని మా మనవి. బిడ్డను "లావు"వని ఎగతాళిచేయు మేనమామలకును, పిన్నమ్మలకును ఈ మనవియే.

అట్లని క్రొవ్వు పేరుకొనుట చిన్న విషయమని మేము చెప్పుటలేదు. సన్నగ కనబడు భారతీయుని దేహములో క్రొవ్వు దాగియుండును. 2004లో పూనా వైద్యుడు యాజ్ఞిక్‌గారును, ఆయన స్నేహితుడగు ఆంగ్లేయ వైద్యుడు యుడ్కిన్‌గారును తమ దేహములనే పరీక్షించి ప్రకటించిరి. ఎత్తునకు తగిన బరువు లెక్కలో ఇద్దరికిని ఒకే సంఖ్య, 22.3 వచ్చెను. కాని యుడ్కిన్‌గారి దేహములో క్రొవ్వు నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్‌గారి దేహములో 21.2 పాళ్ళు! కావున మనవారికి త్రాసుకంటె కొలతపట్టీ నమ్మదగినది. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో మేలుకొనవలెను. దినమంతయు అంగడి గల్లాపెట్టెయొద్ద కూర్చుండువారును, బస్సు దిగి వీధి చివరకుకూడ ఆటో నెక్కు మనమును ఈ పట్టీ కొని యింట నుంచుకొనుట మంచిది.

ఇంత చదివియు కీటో పథ్యమును పట్టదలచిన పెద్దవారిని మేము అడ్డగింపము. మొదట మూత్రపిండముల పనిని తెలుపు క్రియాటినిన్, కొలెస్ట్రాలు, మూడు మాసముల చక్కెర పరీక్షలు చేయించుకొనుడు. వాడుచున్న ప్రతి మందును వైద్యునికి చూపి, ఎంత తగ్గింపవలెనో వ్రాయించుకొనుడు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మూత్రపిండవ్యాధి గలవారు దీని జోలికి పోరాదు. పట్టలేమనువారు దిగులుపడనక్కరలేదు: అన్నమును సగము చేసి ఆ చోట పప్పును, ఆకుకూరను, గ్రుడ్డును పెట్టుడు, టీలో చక్కెర మానుడు, దాహమునకు మజ్జిగ త్రాగుడు, దినమునకు అరగంట వడివడిగ నడువుడు. దీనికి సభలు కావలయునా?

పథ్యమును విరమించువారికిని ఒక సూచన. మరల అన్నము తినిన మూడు నాలుగు దినములలో రెండు కిలోలు పెరుగును. చూచి బెదరి, అంతయు వ్యర్థమైనదని తలంచి, మరునాడే మూడు పళ్ళెములు తినువారిని మేమెరుగుదుము. ఆ రెండు కిలోలు మొదటి వారమున పోయిన నీరే. బాన మరల నిండినది. అన్నమును ఒక్కసారిగ గాక, మొదటి వారము ఒక పూట, రెండవ వారము రెండు పూటలుగ తెచ్చుకొని, త్రాసును పదునైదు దినములు అటకపై నుంచి, నడుమును మాత్రము పట్టీతో కొలిచి చూచుకొనుడు.